చెల్కల తెల్లపూల గడ్డి

మా ఊరు జనగామకు దగ్గర్లనే, సికింద్రాబాదు నుంచి కాజీపేటకు పోయే రైలు పట్టాల పక్కన ఉంటది. మా చెల్క, అంటె ఎర్రమట్టి మెట్టచేను, ఆ పట్టాలను ఆనుకొనే ఉండె. అరవై తొమ్మిదిల తెలంగాణ లొల్లి లేచి బడులు బందైనప్పుడు నేను హైస్కూలు పిల్లను. బడి లేదు గనుక పొద్దంత బాపుతోని చెల్కకాడనే ఉండేదాన్ని. పల్లికాయ పీకుకుంట, ఎక్కడికక్కడ ఆగిపోయిన రైళ్లను చూసుకుంట ఆ ఏడంత గడిచింది. ఆ చెల్క నాకు ఇంటి వాకిలంత ఎరుక. గట్టు మీద గరికె, వానకాలం తుత్తురబెండ, ఎండలు ముదిరితె కాళ్లకు గుచ్చుకునే పల్లేరు. అన్నీ యాదికున్నయి. తెల్లపూల గడ్డి మాత్రం అప్పుడు మా దిక్కు లేదు.

అది ఏ ఏడు వచ్చిందో ఎవరం గమనించలే. నేను టీచరు ట్రైనింగు చేసి పక్క ఊరి బడిల నౌకరికి కుదిరేనాటికి, పట్టాల కంకర పొంటి గుబురుగ లేచింది. ఆకు చామంతి ఆకు లెక్క చీలికలు చీలికలుగ, ముట్టుకుంటె గరుకుగ ఉంటది. కొసలకు మెంతిగింజలంత తెల్లపూలు. దూరంనుంచి చూస్తె పేలాలు చల్లినట్టు కనబడుతది. మేకలు మూతి పెట్టి, మల్ల పక్కకు తిప్పుకునేటివి.

రైల్వేల గ్యాంగుమన్ గ చేసే చాచా బాపుకు చిన్నప్పటి దోస్తు. ఆయన ఆ గడ్డిని బూటుకాలుతోని తొక్కి, "ఇది రైలెక్కి వచ్చింది భాయ్. పట్టాలు ఎక్కడిదాక ఉన్నయో అక్కడిదాక ఉంది," అన్నడు. కొందరు కాంగ్రెసు గడ్డి అన్నరు, కొందరు వయ్యారిభామ అన్నరు. అంత అందమైన పేరు దానికెందుకు పెట్టిండ్రో నాకు ఇప్పటికీ సమజ్ కాదు.

మా బాపు గొర్రు పట్టుట్ల పేరున్న మనిషి. ఎడ్లు గుంజుతుంటె, గొర్రు మీదున్న కట్టెగిన్నెలకు పిడికిట్ల నుంచి గింజలు సమానంగ ఇడుసుకుంట, సాలు వంకర పోకుండ నడవాలె. అందరికి వచ్చే పని కాదు. తొలకరి వాన పడిందంటె మా వాకిట్లకు మనుషులు వచ్చేటోళ్లు. "అన్నా, మా చెల్కల విత్తనం నీ చేతితోనే పడాలె" అని అడిగేటోళ్లు. బాపు తన చెల్క వెనుకకు పెట్టి మందివి ముందు విత్తేటోడు. పనికాడ ఆయన ఉంటె నవ్వులే నవ్వులు. ఎడ్లతోని సుత మాట్లాడి అందరిని నవ్విచ్చేటోడు.

ఎమర్జెన్సీ పోయిన తర్వాతి వానకాలం, ఆ గడ్డి పట్టాలు దాటి మా పల్లిచేన్లకు దిగింది. అంతకుముందు రెండు మూడేండ్లు గట్టు మీద మొలిచిందాన్ని బాపు పీకేసిండు, ఏం కాలే. ఈసారి పూత మీదుంది. ఉక్కపోతకు అంగి ఇప్పి గట్టు మీద పెట్టి, ఒట్టి చేతులతోని చేనంత పీకిండు. మాపటీలికి ఇంటికొచ్చి కండ్లు మండుతున్నయన్నడు. తెల్లారేసరికి కంటి రెప్పలు ఉబ్బినయి. మెడ చుట్టు ఎర్రగ దద్దు లేచింది.

"ఏదో పురుగు పారింది," అన్నది నన్ను కన్న అవ్వ. పసుపు, వేపాకు నూరి పట్టిచ్చింది. దినాలు గడిచినా తగ్గలే. చలికాలం జర నెమ్మదిచ్చింది. మల్ల వానలు పడి గడ్డి పూతకొచ్చేసరికి రెండింతలై తిరగబెట్టింది. మెడ, చెవుల వెనుక, గడ్డం కింద, మోచేతి మడతలు, అంతట గుల. గోకి గోకి తోలు నల్లబడి, చెట్టు బెరడు లెక్క మందమైంది. పొద్దుగాల లేస్తె రెప్పలు అంటుకపోయి ఉండేటివి. అవ్వ వేడినీళ్లల్ల గుడ్డ తడిపి మెల్లగ తుడిస్తె గాని కండ్లు తెరుచుకునేటివి కావు. ఎండల నిలబడితె అగ్గిల నిలబడ్డట్టున్నదని బాపు గొంగడి కప్పుకొని నడిచేటోడు.

ఆ మరుసటి ఏడు తొలకరికి మా వాకిట్లకు ఎవరు రాలే. బాపు గొర్రు దించి, తుడిచి, అరుగు మీద కూసున్నడు. మనుషులు మా ఇంటి ముంగటికెల్లే ఎడ్లను కొట్టుకపోయిండ్రు. ఎవరు ఆగలే.

అదే వారం నేను, అవ్వ నీళ్లకు పోయినం. ఏటా అందరికన్న ముందు బాపును విత్తనానికి పిలిచే రైతు పెండ్లాం బాయికాడ ఉంది. నీళ్లు చేదుకుంట తల ఎత్తకుండనే అన్నది. "అక్కా, ఏమనుకోకు. పెద్దరోగం అంటున్నరు. ఆ చేతితోని విత్తనం ఏపియ్యద్దని మా ఇంటాయన..."

"ఎవలన్నరు?" అన్నది అవ్వ.

"అందరనుకుంటున్నరక్కా."

అవ్వ చేద ఇడిసిపెట్టింది. నిండని బిందెను అట్లనే ఎత్తుకొని ఇంటికొచ్చింది. తొవ్వ పొడుగున నీళ్లు తొణికి ఆమె చీర తడిసిపోతనే ఉంది. పెద్దరోగమంటె కుష్ఠు. ఆ మాట మా ఇంట్ల ఎవరం పైకి అనలే, కాని బాపు చెవిల పడనే పడ్డది. ఆ దినంసంది ఆయన పళ్లెం ఆయనే కడుక్కున్నడు. నేను దగ్గరికి పోతె "దూరం కూసో బిడ్డా" అనేటోడు. అంత మాటకారి మనిషి మూగోనోలె అయిండు. చాచా ఒక్కడే ఎప్పటి లెక్క డ్యూటీ దిగి వచ్చి పక్కన కూసునేటోడు. "అంటుకునేదే అయితె నాకు ఎప్పుడో అంటాలె గదా భాయ్. ఒక్క బీడీ ఇద్దరం తాగినం," అనేటోడు. బాపు నవ్వేటోడు కాదు.

మా మేనత్త, అంటె బాపు అక్క, మహదేవపూర్ దిక్కు గోదారి ఒడ్డు పల్లెల ఉంటది. సంగతి తెలిసి బస్సులు మారి మారి వచ్చింది. తమ్ముని మొఖం చూసి గుమ్మంలనే కూలబడ్డది. కొంగుతోని మొఖం తుడుచుకొని లేచి, "తమ్మీ, నడువు. కాళేశ్వరంల గోదారి తానం చేపిస్త. నా ఇంట్లనే ఉంచుకుంట. ఇక్కడ నిన్ను చూసి ఏడ్చేటోళ్లు గాని, తప్పుకునేటోళ్లు గాని ఒద్దు," అన్నది.

బడికి దసరా సెలవులు. నేను తోడు పోయిన. వరంగల్ దాటి, పరకాల, భూపాలపల్లి మీదుగ బస్సు అడవిల పోతుంటె బాపు కిటికీకి మొఖం ఆనిచ్చి చూసిండు. భూపాలపల్లిల అప్పటికి బొగ్గు బాయిల సందడి లేదు. రెండు దిక్కుల టేకుచెట్లు, మద్దిచెట్లు. గాలి సల్లగ తగులుతుంటె, "బిడ్డా, ఈడ గుల జర తక్కువున్నట్టుంది," అన్నడు. నాకు ఆ మాట ఊరట కోసం అన్నట్టే వినబడ్డది.

కాళేశ్వరంల స్నానం అయింది, దర్శనం అయింది. నేను తిరిగొచ్చిన. బాపు మేనత్త దగ్గర్నే ఉండిపోయిండు. చలి ముదిరినంక అవ్వను తీసుకొని పోయి చూద్దును గద, మా పాత బాపు ఎదురొచ్చిండు! రెప్పలు పల్చబడ్డయి. మెడ మీద నల్లదనం ఉంది గాని పుండ్లు లెవ్వు. మేనత్త మనుమరాండ్లను ముంగట కూసోపెట్టుకొని ఏదో చెప్పి నవ్విస్తుండు. అవ్వ ఆయన మెడ మీద చెయ్యేసి, అట్లనే చాలాసేపు తీయలే.

"గోదారి తల్లి దయ," అన్నది మేనత్త. మేమందరం అదే అనుకున్నం. బాపు ఊరికొచ్చిండు. ఆ చలికాలం, ఎండకాలం బాగనే గడిచినయి. వానలు పడి పట్టాల పొంటి తెల్లపూలు విచ్చుకున్నయో లేదో, రెప్పలు మల్ల ఉబ్బినయి.

ఈసారి బాపు మనసు విరిగింది. తిండి మానిండు. అవ్వ ఎవరేం చెప్పినా చేసేటందుకు తయారైంది. తొర్రూరు సంతల మందులు అమ్మే ఒకాయన ఉన్నడని ఎవరో చెప్పిండ్రు. నేను బడిల ఉన్న దినం ఆయన వచ్చి, బాపును చూసి, "ముదిరిన పెద్దరోగం ఇది. నల్లజీడి పడితె గాని ఊడదు," అన్నడట. నల్లజీడి అంటె అడవిల కాసే గింజ. దాని రసం బట్టల మీద గుర్తులు పెట్టనీకె వాడుతరు, ఎన్ని ఉతుకులకూ పోదు. ఆ రసాన్ని నూనెల కలిపి బాపు మెడకు, చేతులకు రాసి పోయిండు.

తెల్లారి బాపు దగ్గరికి పోయి చూసిన. రాసిన చోటంత బొబ్బలు, ద్రాక్షపండ్లంత. మొఖం వాచి కండ్లు కనబడుత లెవ్వు. "బిడ్డా, నన్ను ఏడనన్న ఇడిసిపెట్టిరా," అన్నడు.

"దవాఖానకు పోతున్నం బాపూ. లే," అన్న.

జనగామ దవాఖానల డాక్టరు నల్లజీడి అని వినంగనే నర్సును పిలిచిండు. సబ్బు, సల్లటి నీళ్లతోని రాసిన జిడ్డంత మెల్లగ కడిగిచ్చిండు. "బొబ్బలు చితపకుండ్రి. పసర్లు, నూనెలు ఇంకేం రాయకుండ్రి," అని చెప్పి, తడిగుడ్డలు కప్పి, వరంగల్ పెద్ద దవాఖానకు చీటి రాసిచ్చిండు. చాచా సెలవు పెట్టి మాతోని రైలెక్కిండు. రైలుడబ్బల బాపును చూసి ఎదుటి బల్ల మీదోళ్లు లేచి పోయిండ్రు. చాచా ఆ ఖాళీ బల్ల మీద తువ్వాల పరిచి, "మంచిదైంది భాయ్, పండుకో. గిట్ల పండుకొని పోయే టికెటు మనకు ఎప్పుడు దొరకాలె," అన్నడు. ఆ పరేషాన్ల నాకు నవ్వొచ్చింది.

వరంగల్ల చర్మరోగాల డాక్టరు ఒక ఆడమనిషి. కోస్తా దిక్కునుంచి వచ్చిందని మాట వింటనే తెలిసింది. నాకు లోపట ఎక్కడో బిగుసుకుంది. చదువుకునే దినాలల్ల ఆ యాస వింటె మా మాటను ఎక్కిరిస్తరేమో అని ముడుచుకునుడు అలవాటు.

"ఏమైంది పెద్దాయనా? దురదా, నొప్పా?" అని అడిగింది.

"గుల అమ్మా, గుల. నల్లజీడి పూసినకాడ మంటనే, కని ముందుగాల నుంచి ఉన్నది గుల," అన్నడు బాపు.

ఆమె నా దిక్కు చూసింది. "గుల అంటే?"

"దురదనే మేడం."

"నేనిక్కడికొచ్చి ఏడాదవుతోంది, మీ మాటలు ఇంకా పూర్తిగా రావట్లేదు నాకు," అని నవ్వి, కాగితం మీద ఆ మాటనే రాసుకుంది. నా లోపటి బిగువు సడలింది.

దవాఖానల పెట్టుకున్నరు. బొబ్బలు ఎండి, వాపు తగ్గేదాక గోలీలు, తడిగుడ్డలు, మలాము. నల్లజీడి పుండ్లు మానినంక ఆమె అసలు రోగం చూడవట్టింది. బాపును కిటికీ దగ్గర వెలుతురుకు కూసోవెట్టి, తల పైకెత్తి గడ్డం కింద చూసింది, చెవులు మడిచి వెనుక చూసింది, అంగి ఇప్పిచ్చి వీపు చూసింది. "కళ్లు మూసుకోండి. ఎక్కడ తగిలితే అక్కడ వేలు పెట్టి చూపించండి," అని దూదిపోగుతోని ముట్టుకుంట పోయింది. మెడ మీద, మోచేతి మీద, నల్లగైన మచ్చల నడుమ. బాపు ఒక్కచోట సుత తప్పు చూపలే.

"ఊళ్లో ఏమంటున్నారు?" అని అడిగింది.

బాపు అంగి తొడుక్కుంటుండె. నేనే చెప్పిన. ఆ మాట మా నోట మొదటిసారి పైకొచ్చింది అప్పుడే. "పెద్దరోగం అంటుండ్రు మేడం."

"కాదు," అన్నది ఆమె. "కుష్ఠు మచ్చలో స్పర్శ తగ్గిపోతుంది, దురద ఉండదు. ఈయనకి దూది తగిలినా తెలుస్తోంది, దురదతో నిద్ర లేదు. చూడమ్మా, చొక్కా ఉన్నచోట ఒళ్లు శుభ్రంగా ఉంది. ఒట్టి ఎండ వల్లే అయితే గడ్డం కింద, చెవుల వెనక, రెప్పల మీద ఇంత ఉండదు, అక్కడ నీడ ఉంటుంది కదా. నీడలోకి కూడా దూరేది ఏదో గాలిలో వచ్చి పడుతోంది. ఊరు వదిలి ఎక్కడికైనా వెళితే తగ్గిందా?"

గోదారి ఒడ్డు నా కండ్ల ముంగట మెదిలింది. బస్సుల బాపు అన్న మాట యాదికొచ్చింది. "మేనత్తోళ్ల ఊరికి పోతె తగ్గింది మేడం. అడవి ఊరు. మా ఊరికొస్తె, వానలు పడంగనే..."

"వానలు పడగానే మీ ఊళ్లో ఏం మొలుస్తుంది? అక్కడ లేనిది?"

చాచా మూలకు నిలబడి ఉన్నడు. నేను, ఆయన ఒక్కసారే నోరు తెరిచినం.

ఒళ్లు పూరాగ నిమ్మళించినంక మల్ల రమ్మన్నది, ఆ గడ్డి ఆకు సంచిల వేసి తెమ్మన్నది. తెచ్చిన ఆకు తుంటను బాపు వీపు మీద పెట్టి పట్టీ అంటిచ్చింది. రెండు దినాల తర్వాత పట్టీ తీసి, అద్దం పట్టి మాకు చూపిచ్చింది. వీపంత సాఫుగ ఉంది. ఆకు ఉన్న చోట మాత్రం ఎర్రటి దద్దు, చిన్న చిన్న నీటిపొక్కులు. ఆకు అచ్చు తీసినట్టుంది.

బాపు అద్దాన్ని అటు ఇటు తిప్పి ఆ అచ్చునే చూసుకున్నడు. నేను బాధపడుతుండేమో అనుకున్న. ఆయన తల ఎత్తి, "అయితె నా పేరు మీద ఊరు పెట్టిన రోగం, ఒక గడ్డి రోగమా?" అన్నడు. ఎన్ని నెలలకో ఆయన మొఖం మీద పాత నవ్వు కదిలింది.

"ఈ గడ్డి అందరినీ ఏమీ చేయదు," అని చెప్పింది డాక్టరమ్మ. "కొంతమంది ఒంటికి, ముట్టుకోగా ముట్టుకోగా ఒకనాటికి పగ పడుతుంది. పడ్డాక అది మరచిపోదు. నా మందు వాపునూ దురదనూ తగ్గిస్తుంది, అంతే. గడ్డికి దూరంగా ఉంటేనే బతుకు సుఖం. మలాము మొహానికి పల్చగా, చెప్పినన్నాళ్లే. బాగుందని రోజూ రాస్తే చర్మం పాడవుతుంది."

ఇంటికొచ్చినంక మా అవ్వ డాక్టరమ్మ చెప్పిన మాటలను ఇంటి కట్టడి చేసింది. బాపు పొడుగు చేతుల అంగి లేనిదె వాకిలి దాటద్దు. చెల్క నుంచి రాంగనే ఎవరిని ముట్టకముందె సబ్బుతోని తలంటు. ఆయన బట్టలు ఏరే బకీటుల. ఉతికినవి పట్టాల దిక్కు గాలికి ఆరేసేది లేదు, ఇంట్లనే దండెం. కడుక్కున్నంక ఒళ్లు ఆరకముందే కొబ్బరినూనె. గుల లేస్తె గోకుడు కాదు, సల్లని తడిగుడ్డ.

గడ్డి పని అవ్వనే మొదలువెట్టింది. పూత రాకముందు, వాన పడి నేల మెత్తగున్నప్పుడు, చేతులకు ప్లాస్టిక్ సంచులు కట్టుకొని వేరుతోని పీకేది. ముక్కుకు కొంగు. చాచా డ్యూటీ లేనప్పుడు బొంద తవ్వి పూడ్చేటోడు. ఒకసారి కుప్ప పోసి అంటుపెట్టబోతె నేను ఆపిన. దాని పొగ సుత బాపుకు పడదని డాక్టరమ్మ చెప్పింది. పట్టాల పొంటి ఉన్నదాన్ని మేం ఏం చెయ్యలేకపోయినం. మా చెల్క, మా చుట్టుపక్కల గట్లు మాత్రం సాఫైనయి. పీకిన చోట గడ్డికి సందు దొరకకుండ అవ్వ జొన్న దట్టంగ చల్లింది.

బాపు రెప్పలు పల్చబడ్డయి. కాని ఊరి మనసు అంత అల్కగ పల్చబడలే. "డాక్టర్లు ఏదో చెప్తరు" అన్నరు. నాకు కోపమొచ్చేది. బాపు మాత్రం, "భయం బిడ్డా అది. నేను సుత భయపడ్డ గదా, నన్ను చూసుకొని నేనే," అనేటోడు.

అప్పట్ల ఊరూరు తిరిగి కుష్ఠు మచ్చలు చూసే సర్కారు మనిషి ఒకాయన సైకిలు మీద వచ్చేటోడు. ఆయన మా బడికొచ్చి పిల్లలను చూస్తుంటె నేను పోయి అడిగిన. "సారూ, మా ఊరి చావడికాడ అందరి ముంగట మా బాపును చూస్తరా?" ఆయన బాపును చాటుగనే చూస్త, మనిషిని అట్ల నలుగుట్ల కూసోవెట్టుడు బాగుండదన్నడు. మంచి మనిషి. బాపునే అడిగితె, "నలుగుట్లనే చూడమను," అన్నడు.

చావడి నిండింది. బాపు అంగి ఇప్పి కండ్లు మూసుకున్నడు. సర్కారాయన ఈకతోని ముట్టుడు, బాపు వేలు పెట్టి చూపుడు. నడుమల ఒకసారి ముట్టకుండనే, "ఎక్కడ?" అన్నడు ఆయన. "ముట్టలే గదా సారూ, ఎందుకు పరాష్కం," అన్నడు బాపు. మంది గొల్లుమన్నరు. ఎన్నేండ్లకో మా ఊరు బాపు మాటకు నవ్వింది.

"ఈయనకు కుష్ఠు లేదు," అన్నడు సర్కారాయన. "ఉన్నా సుత తప్పుకునే పని లేదు. గోలీలు మింగితె తగ్గుతది. మింగుతున్నోని నుంచి ఎవరికి రాదు."

మంది లేవబోతుండ్రు. బాపు అంగి తొడుక్కోకుండనే నిలబడ్డడు. "సారూ, ఒక్క నిమిషం," అన్నడు. "మా ఊరవతల గుడిసెల ఒక చెల్లె ఉంది. ఆమెకు నిజంగనే ఉంది. నన్ను చూసినట్టే ఆమెను చూస్తరా?"

ఆ గుడిసె సంగతి నాకు తెలుసు. భర్త చచ్చిపోయిన ఆడమనిషి, వేళ్లు వంకరపోయినయి, కాలికి మానని పుండు. ఎవరో ఒకరు గింజలు గడప మీద పోసి వస్తరు. బాపు సుత ఎన్నడు ఆ గడప దాటలే. ఆ దినం ముంగట బాపు, వెనుక సైకిలు తోసుకుంట సర్కారాయన, నేను పోయినం. మమ్మల్ని చూసి ఆమె చేతులు కొంగుల దాచుకుంది.

"దాచకు చెల్లె," అన్నడు బాపు. "నన్ను ఊరు రెండేండ్లు నీ లెక్కల ఏసింది. ఎట్లుంటదో చూసొచ్చిన. ఈ సారు గోలీలు ఇస్తడు. మింగు."

"ఇప్పుడు మింగితె వేళ్లు చక్కగైతయా అన్నా?" అని అడిగింది ఆమె.

సర్కారాయన అబద్ధం చెప్పలే. "వేళ్లు కావమ్మా. కాని రోగం ఆగుతది. పుండు మానుతది."

ఆమె కొంగులకెల్లి చెయ్యి తీసి చాపింది. నెల నెల ఆయన వచ్చి గోలీలు ఇచ్చిండు. అవ్వ ఆమెకు కాలి పుండు కడుక్కునుడు, చెప్పులు తొడుక్కునుడు అలవాటు చేసింది. పుండు మానింది. ఇంకో ఏడు దాటినంక ఆమె మా చేన్ల పల్లికాయ వలిచేకాడ నలుగురి నడుమ కూసున్నది. జరిగి కూసున్నోళ్లు లేకపోలే. జరగనోళ్లే ఎక్కువ.

బాపుకు రోగం పూరాగ పోలే. వానలు ముదిరి గడ్డి పూతకొచ్చే ముందు ఆయన సంచి సర్దుకొని మేనత్త దగ్గరికి పోయేటోడు, చలికాలం దిగినంక వచ్చేటోడు. "కోడలు పుట్టింటికి పోయినట్టు పోతడు," అని అవ్వ ఎక్కిరిచ్చేది. గోదారి ఒడ్డున వల వేసుడు నేర్చుకున్నడు. ఒక్క చాప పడకున్న పొద్దంత నీళ్ల పక్కన కూసోని వచ్చేటోడట. కొన్నేండ్లకు భూపాలపల్లి దిక్కు బండ్లు, లారీలు పెరిగి, ఆ తొవ్వ పొంటి సుత తెల్లపూలు కనబడ్డయి. అప్పటికి మాకు ఏం చెయ్యాల్నో ఎరుకే గనుక, మేనత్త పెరడంత బాపు ముందే పీకిచ్చిండు.

ఎనభైలల్ల నాకు మానుకోటకు, అంటె మహబూబాబాదుకు, బదిలీ అయింది. అక్కడ స్టేషను బయట కూరగాయలు అమ్మే ఒకామె దగ్గర నేను టమాటలు కొనేది. ఆమె వానకాలమంత తల నిండ కొంగు కప్పుకొని, మొఖం దించుకొని తూకం వేసేది. ఒక దినం గాలికి కొంగు జారింది. ఉబ్బిన రెప్పలు, నల్లబడ్డ మెడ, చెవుల వెనుక పగుళ్లు. బాపు మొఖమే మల్ల చూసినట్టనిపిచ్చింది.

"అక్కా, నీ చేను రైలు పట్టాలకు దగ్గర్నా?" అని అడిగిన.

ఆమె బెదిరి కొంగు సర్దుకున్నది. "నీకెట్ల తెలుసు?"

"చెప్త. ముందు నువ్వు ఏమేం పూసినవో చెప్పు. నల్లజీడి పూయలే గదా?"

"ఎవలో పూయమంటె రేపు తెప్పిద్దామనుకుంటున్న," అన్నది.

నేను టమాటల గంప జరిపి ఆమె పక్కన గోనెసంచి మీద కూసున్న. బడి గంట కొట్టే యాళ్ల అయింది గాని ఒక్క దినం ఆలస్యమైతె ఏం కాదనుకున్న. ఆమె కొంగు మెల్లగ తీసింది. చెప్పవట్టింది.